పళ్ళ అచ్చుల గది

మిట్టమధ్యాహ్నం...!

దయ్యాలకు అర్ధరాత్రి కన్నా ఒక పిసరు ఎక్కువ ఇష్టమైన వేళ...! నడినెత్తిన సూర్యుడు నిప్పులు కక్కుతున్నాడు. నీడలన్నీ భయంతో మనుషుల కాళ్ళ కిందికి దూరిపోయాయి. ఉరమడానికి ఆకాశంలో ఒక్క మబ్బు ముక్క కూడా లేకపోవడంతో ఆ బాధ్యత లారీ షెడ్డు షట్టరు తీసుకుంది... ధడ్...! ధడేల్...! గుడ్లగూబలు ఆ వేళకి ఒళ్ళు తెలియని నిద్రలో ఉంటాయి కనుక, కిటికీ గట్టు మీద ఒక పావురం తన శక్తికొద్దీ భయంకరంగా కూసింది.

ఆ కిటికీ లోపల... దుప్పట్లు ఉతికే కంపెనీ గేటు పక్కన, ఇనుప మెట్లెక్కితే వచ్చే ఇరుకు గదిలో... వాడున్నాడు!

వాడిని అందరూ అచ్చుల డాక్టరు అంటారు. తెల్లకోటు. ఎర్రకళ్ళు. వాడి ఎదురుగా, రోగులు వెల్లకిలా వాలే కుర్చీలో, మెడ ఉండాల్సిన చోట తువ్వాలు చుట్టించుకుని, వంతు కోసం కూర్చున్నంత బుద్ధిగా...

ఒక కపాలం...!!!

నాలుగు గోడల నిండా పళ్ళు! సున్నంతో పోసిన పళ్ళ అచ్చులు... పై దవడలు, కింద దవడలు... ముందుకు పొడుచుకొచ్చినవి, సందులున్నవి, పొగాకు మనిషివి, పాలపళ్ళ పాపవి... జతలు జతలుగా ఒకే ఇనుప కడ్డీకి గుచ్చి ఉన్నాయి. ఆ కడ్డీ చివర ఒక పిడి. వాడు పిడి పట్టుకున్నాడు.

"దంతచూర్ణ ప్రియే...! మౌనదాయినీ...! ఆరగించు...!"

పిడి తిరిగింది. గోడల మీది దవడలన్నీ ఒక్కసారిగా కదిలాయి.

కర్... కర్ర్... కర్ర్ర్ర్...!

సరిగ్గా అదే క్షణంలో, గేటుకి ఎదురుగా ఉన్న కూలీల గదుల వరసలో, రాత్రంతా పనిచేసి పడుకున్న ప్రతి మనిషి దవడా కదిలింది! మొగుడు, పెళ్ళాం, పిల్ల... గోడ అవతల మొగుడు, పెళ్ళాం, పిల్ల... అందరూ ఒకే తాళంలో పళ్ళు నూరారు. వరసకి వరసంతా పిండిమరలా మోగింది. కప్పు మీది రేకులు దడదడలాడాయి. ఒకరి గోడ గడియారం భయపడి కాసేపు వెనక్కి నడిచింది.

గదిలో అచ్చుల మధ్య నుంచి తెల్లటి పొడి రాలింది. అది సున్నం కాదు. రాత్రంతా పనిలో మనిషి నోటి చివరిదాకా వచ్చి, వెనక్కి మింగేసిన మాట...! వాడా పొడిని చిటికెడు చిటికెడుగా కపాలం మీద చల్లాడు. ప్రతి చిటికెకీ కపాలం ఒక నిట్టూర్పు విడిచింది.

వాడు వికటంగా నవ్వాడు. పావురం ఎగిరిపోయింది.

* * *

ఆ కంపెనీలో పనంతా రాత్రిళ్ళే. పెద్ద ఆస్పత్రులవీ హోటళ్ళవీ మురికి దుప్పట్లు సాయంత్రం వస్తాయి, తెల్లారేసరికి మల్లెపువ్వుల్లా వెళ్ళాలి. ఉతికిన తడి దుప్పటిని మరుగుతున్న రెండు రోలర్ల మధ్యకి అందిస్తే అవతల పక్క ఇస్త్రీ అయి వస్తుంది. దుప్పటితో పాటు వేళ్ళు కూడా లోపలికి పోకుండా ముందు ఒక అడ్డుకడ్డీ ఉండాలి. ఉండేది. విరిగిపోయింది.

కడ్డీ వేయించండి సార్ అన్నారు కూలీలు. చూద్దాం అన్నాడు సూపర్‌వైజరు. మళ్ళీ అడిగారు. మళ్ళీ చూశాడు. ఈసారి వెయ్యకపోతే రోలరు ముట్టుకోం అన్నారు. ఆ వారమే కంపెనీ వారి దయవల్ల ఉచిత దంతవైద్య శిబిరం పడింది! నిద్రలో పళ్ళు అరిగిపోకుండా తొడుగులు చేసిస్తామని, కూలీలందరి చేతా, వాళ్ళ పిల్లల చేతా గులాబీరంగు ముద్ద కొరికించి అచ్చులు తీసుకున్నారు. తొడుగులు రాలేదు.

కానీ ఆ తర్వాత ఎవ్వరూ పల్లెత్తు మాట అనలేదు. చివరి రోలరు దగ్గరి మనిషికి రెండు వేళ్ళు మొదళ్ళ దాకా పోయాయి. అతను చేతిని దిండు గలీబులో చుట్టుకుని, సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, గలీబుకి మరక అయినందుకు క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆ వరసలో మూడో గదిలో ఒక అత్తగారు, కొడుకు, కోడలు, అయిదేళ్ళ మనవరాలు ఉంటారు. కొడుకు దుప్పట్లు మడత పెడతాడు. కోడలు రోలరు దగ్గర. అత్తగారికి ఉద్యోగం లేదు, పళ్ళు లేవు, మొహమాటం లేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మనసులో ఒక మాట పుట్టడానికీ బయటికి రావడానికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఇవ్వదు. ఆమె తిట్లకి పాలు విరిగిపోయేవి. విరిగిన పాలు మళ్ళీ తిడితే భయపడి బాగైపోయేవి.

మనవరాలిని అందరూ వసపిట్ట అనేవారు. దుప్పటికి చలేస్తే ఏం కప్పుతారు? ఆవిరి రాత్రి ఎక్కడ పడుకుంటుంది? నానమ్మ పళ్ళు ఎవరింటికి వెళ్ళాయి? ఇలా లేచింది మొదలు పడుకునేదాకా అడిగేది. అచ్చు తీసిన మర్నాటి నుంచి ఆ నోరు ఎండిపోవడం మొదలైంది. ముందు ప్రశ్నలు పోయాయి. తర్వాత పేర్లు... చెట్టు, పిల్లి, నీళ్ళు... ఒక్కొక్కటే రాలిపోయాయి. దాహమేస్తే చెంబు చూపించేది. ఇప్పుడా నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట.

'అమ్మా.'

అత్తగారు అందరిలా రాత్రి పడుకుని పగలు మేలుకునే మనిషి. కాబట్టి మధ్యాహ్నాల ఆ భయంకర ధ్వని విన్నది ఆమె ఒక్కతే. ఒక సాయంత్రం కోడలు లేవగానే పట్టుకుంది.

"ఏమే, మధ్యాహ్నం వరసంతా పళ్ళు నూరారే! నువ్వూ, నీ మొగుడూ, పిల్లా, పక్కింటోళ్ళూ!"

"అలిసిపోయి ఉంటాం కదా అత్తయ్యా. నిద్రలో నూరుతాం."

"ఒకడు నూరితే నిద్ర. ఇద్దరు నూరితే అలవాటు. లైన్లో నిలబడి డ్రిల్లు చేసినట్టు అందరూ ఒకేసారి నూరితే ఏమంటారే దాన్ని?"

"సరే అత్తయ్యా."

"అదుగో! సరే అంట! ఈ ఇంటికొచ్చాక ఎప్పుడైనా నాకు సరే అన్నావా నువ్వు? 'నీకేం తెలుసు ముసలిదానా' అనవే! ఒక్కసారి అనవే! గొడవ లేక నాకు అన్నం సయించట్లేదే!"

కోడలు నోరు తెరిచింది. గొంతులోంచి ఏదో పైకొచ్చి పళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆమె అత్తగారి మణికట్టు పట్టుకుని, పంటి బిగువున, ఒక్కో ముక్కనీ బయటికి తోసింది.

"పిల్ల... మాట... తెచ్చిపెట్టు... అత్తయ్యా..."

ఆ తర్వాత మళ్ళీ సరే, సరే అంటూ పనికి వెళ్ళిపోయింది. అత్తగారు జీవితంలో మొదటిసారి కోడలిని తిట్టలేదు. ఇనుప మెట్ల వైపు చూసింది.

* * *

మర్నాడు పొద్దున్నే వసపిట్టని చంకనేసుకుని మెట్లెక్కింది.

"ఒరేయ్ పళ్ళోడా! నువ్వా గులాబీముద్ద కొరికించినప్పట్నుంచీ నా మనవరాలి నోరు పడిపోయిందిరా. ఏం పెట్టావురా అందులో?"

అచ్చుల డాక్టరు పిల్ల నోట్లోకి చూశాడు. వాడి కళ్ళు ఆకలిగా మెరిశాయి...! పిల్ల నానమ్మ భుజంలో మొహం దాచుకుంది.

"ఏం లేదు పెద్దమ్మా. నులిపురుగులు. కడుపులో అవి తిరుగుతుంటే పిల్లలు నిద్రలో పళ్ళు కొరుకుతారు."

"మరి దీని అమ్మా నాన్నా? ఆ చివరి గది మేస్త్రీ? వరసంతా ఒకే రోజు పురుగులు మింగిందా?"

"అంటుకుంటాయి."

"నీకెందుకు అంటుకోలేదురా?"

అత్తగారికి సమాధానంతో పని లేదు. ఆమె కిందికి దిగి, గేటు ముందు నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరికీ విషయం చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల సంగతి, ముద్ద సంగతి, దాంతో పాటు రోలరు కడ్డీ సంగతి కూడా. ఆమె గొంతుకి గేటు మీది తుప్పు రాలింది.

కాసేపటికి సూపర్‌వైజరు చెమటలు కక్కుకుంటూ అచ్చుల గదిలోకి దూరాడు.

"ఏంటయ్యా ఇది? అందరి నోళ్ళూ కడతానన్నావు. ఆ ముసలిదాని నోటికి అడ్డే లేదు!"

"దానికి పళ్ళు లేవు. అచ్చు తియ్యడానికి లేదు. అచ్చు లేనిదే ప్రయోగం లేదు."

"కడ్డీ విషయం పైవాళ్ళ దాకా వెళ్తే నా మెడకి చుట్టుకుంటుంది!"

అచ్చుల డాక్టరు కపాలం నుదుటి మీద వేలితో నెమ్మదిగా రాశాడు.

"రేపు అమావాస్య... రేపు మధ్యాహ్నం ఆ పసిదాని నోట్లోంచి చివరి మాట రాలుతుంది. పసినోటి ఆఖరి మాట తిన్న కపాలం శాశ్వతంగా నాది! ఇక ఆ పిల్ల జన్మంతా మూగే! ఈ వరస కాదు, ఊరు ఊరంతా 'సరే సార్' అంటుంది...! హ్హ హ్హ హ్హా...!"

"ముసలిది?"

"దానికి పళ్ళు పెడతా."

చెయ్యకూడని పొరపాటు అక్కడే చేశాడు. కానీ పనివాడికి తన పనితనం మీద ఉండే పొగరు అలాంటిది. ఆ సాయంత్రమే అత్తగారిని పిలిచి, బతిమాలి, కుర్చీలో కూర్చోబెట్టి, చిగుళ్ళకి కొలత తీసి, రాత్రికి రాత్రి నిగనిగలాడే కట్టుడు పళ్ళు తయారుచేశాడు. ఆ పళ్ళలోకి నేరుగా మంత్రాన్నే పోశాడు. కనపడ్డ మాటనల్లా నూరి తెమ్మని వాటికి ఆజ్ఞ! పొద్దున్నే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"పడుకునేటప్పుడు కూడా తియ్యకు పెద్దమ్మా. తెలిసిందా?"

"ఉచితమేనా?"

"నీకు కాబట్టి."

"నవ్వకు. నీ నవ్వు చూస్తే నాకు తేళ్ళు గుర్తొస్తాయి," అంది అత్తగారు పళ్ళు పెట్టుకుంటూ.

పొద్దెక్కాక, కొత్త పళ్ళ బరువుకి ఆమెకి కునుకు పట్టింది. పళ్ళు పనిలోకి దిగాయి. మింగేసిన మాట కోసం వెతికాయి... నాలుక కింద చూశాయి, గొంతులో చూశాయి, డెబ్భై ఏళ్ళ లోతుకి దిగి చూశాయి. ఏమీ లేదు! ఒక్క ముక్క మిగల్లేదు! అన్నీ ఎప్పటికప్పుడు అనేసింది! ఆఖరికి మొగుడు పోయేటప్పుడు చెప్పాల్సినవి కూడా చెప్పేసే పంపింది. ఆకలితో పిచ్చెక్కిన పళ్ళు ఉట్టినే నూరుకుని, నూరుకుని, కాలి, చివరికి ఆమె చిగుళ్ళనే కొరికాయి.

"అమ్మ నీ...!" అని లేచి వాటిని ఊడబెరికింది అత్తగారు.

పళ్ళు ఆమె అరచేతిలో కూడా ఆగలేదు. కర్... కర్ర్... అదే తాళం! చాప మీద కొడుకు, కోడలు అదే తాళంలో నూరుతున్నారు. మధ్యలో వసపిట్ట... చిన్ని దవడ రాయిలా బిగుసుకుంది. పెదవి చివర తెల్లటి పొడి! అత్తగారు చెంపలు తట్టింది. కుదిపింది. మొహాన చెంబెడు నీళ్ళు కొట్టింది. పిల్ల కళ్ళు తెరవలేదు. నిద్రలోనే పెదవులు విడివడ్డాయి.

"అమ్..."

సగం మాటే వచ్చింది. మిగతా సగం పొడై రాలింది.

అత్తగారు చేతిలో పళ్ళ వైపు చూసింది. కిటికీలోంచి కనిపించే ఇనుప మెట్ల వైపు చూసింది.

"ఓహో... నువ్వట్రా..."

* * *

అచ్చుల గది తలుపు లోపల గొళ్ళెం వేసి ఉంది. అత్తగారు తన్నలేదు. తిట్టింది. గొళ్ళెం దానంతటదే ఊడి కింద పడింది.

లోపల పొగ...! అచ్చుల దవడలు అగ్గిలా కాలి ఎర్రబడ్డాయి! కపాలం కుర్చీలోంచి జానెడు పైకి లేచి గాలిలో తిరుగుతోంది! పిడి తిప్పుతున్న అచ్చుల డాక్టరు కోటు గుండీలు తెగి, కనుగుడ్లు గుంటల్లోంచి బయటికొచ్చి...

"ఎందుకొచ్చావే ముసలీ...! భస్మం చేస్తా...! ఇంకొక్క చుట్టు...! ఒక్క చుట్టు తిప్పితే చాలు...!"

"నీ పళ్ళు నన్ను కొరుకుతున్నాయిరా, సన్నాసీ! తీసుకో!"

"బయటికి పో...!!!"

అత్తగారు పోలేదు. గాలిలో తిరుగుతున్న కపాలాన్ని తేరిపార చూసింది. దాని నోరు తనలాగే బోసిగా ఉంది. కపాలానికి పళ్ళుంటే ఏనాటికైనా పట్టినవాడిని కరుస్తుందని, తెచ్చిన రోజునే పట్టకారుతో వాడు ఒక్కొక్కటే పీకేశాడు. అది తినగలదు తప్ప కరవలేదు. అరవలేదు. ఎవరి తలో, ఏ కాలం మనిషో... అచ్చుల డాక్టరుకి అది తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

అత్తగారు దగ్గరికి జరిగింది.

"ఏమ్మా వదినా... నీక్కూడా లేవా? అయ్యో పాపం! ఇదిగో, ఇవి పెట్టుకో. నాకు వదులు, నీకు సరిపోతాయేమో."

"వద్దు...! వద్దే...! దానికి పళ్ళు పెట్టకే...!!!"

చెయ్యొద్దన్న పనిని అత్తగారు ఆపిన చరిత్ర లేదు. కపాలం దవడల మధ్యకి కట్టుడు పళ్ళని తోసింది.

టక్...!

పిడి ఆగిపోయింది. బయట లారీ షెడ్డు షట్టరు మోత ఆగింది. కపాలం కళ్ళగుంటల్లో ఒక ఎర్రటి వెలుగు మెల్లగా లేచింది. ఇన్నాళ్ళూ తిన్న మాటలన్నీ దాని లోపల కిక్కిరిసి ఉన్నాయి. ఇప్పుడు వాటికి పళ్ళు దొరికాయి.

"కడ్డీ... ఎప్పుడు... వేయిస్తారు...?" అంది కపాలం. అది చివరి రోలరు మనిషి గొంతు!

అచ్చుల డాక్టరు గోడకి అంటుకుపోయాడు.

"పిల్లకి జ్వరం, ఒక్క రాత్రి సెలవివ్వండి...! కాళ్ళు వాచాయి, కాసేపు కూర్చోనివ్వండి...! తిట్టకండి సార్, నేనూ మనిషినే...!" గొంతు మీద గొంతు... వరసలోని గొంతులన్నీ...! అన్నిటికన్నా పైన ఒక పసిగొంతు. "ఆవిరి రాత్రి ఎక్కడ పడుకుంటుంది...?"

"నాకు తెలీదు...! నాకేం తెలీదు...! సూపర్‌వైజరు చెయ్యమన్నాడు...!"

కపాలం వాడి మీదికి దూకింది. ముందు వేళ్ళు పట్టుకుంది. రోలరులోకి దుప్పటి వెళ్ళినట్టు, వేళ్ళ వెంట చెయ్యి, చెయ్యి వెంట భుజం, భుజం వెంట కెవ్వుమన్న కేక... ఎక్కడా ఆగకుండా లోపలికి వెళ్ళాయి. కర్... కర్ర్... కర్ర్ర్ర్...! వాడే తయారుచేసిన పళ్ళు కాబట్టి పనితనానికి వంక పెట్టడానికి లేదు. చివరికి నేల మీద ఒక తట్టెడు తెల్లపొడి, దాని మీద ఒక తెల్లకోటు మిగిలాయి.

కపాలం కుర్చీలో వాలింది. మొదటిసారి దాని సొంత గొంతు వినిపించింది. సన్నటి ఆడగొంతు.

"సరిపోయాయి వదినా."

మరుక్షణం అది పొడి పొడైపోయింది. గోడల మీది అచ్చులన్నీ జలజలా రాలిపోయాయి.

* * *

కింద వరసలో తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. నెలల తరబడి నూరిన మాటలు ఎవరివి వాళ్ళకి తిరిగొచ్చేశాయి! నోటినిండా మాటలు! మొగుళ్ళు పెళ్ళాలని తిట్టారు. పెళ్ళాలు మొగుళ్ళని తిట్టారు. ఒక బకెట్టు గురించి రెండు కుటుంబాలు తరతరాల వైరం పెట్టుకున్నాయి. కోడలు గుమ్మంలో నిలబడి, "నీకేం తెలుసు ముసలిదానా!" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా ఏకిపారేస్తుంటే, అత్తగారు ఎదురుగా కూర్చుని ఆనందబాష్పాలు తుడుచుకుంది.

"అమ్మా!" అంది వసపిట్ట. "అమ్మా, నా నోట్లో సున్నం ఎందుకుంది? నాన్న ఎందుకేడుస్తున్నాడు? పావురం ఎక్కడికెళ్ళింది?"

కోడలు పిల్లని గుండెకి హత్తుకుని అన్నిటికీ సమాధానం చెప్పింది. తెలియనివాటికి కూడా చెప్పింది.

సాయంత్రం సైరను మోగింది. అందరూ గేటు దగ్గరికి చేరారు. సూపర్‌వైజరు అప్పటికే పైన గదిలోకి వెళ్ళి చూసొచ్చాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎదురుగా వీళ్ళంతా... నోళ్ళు తెరుచుకున్న మనుషులు! అయినా పైవాళ్ళు చెప్పమన్నది చెప్పాలి కనుక చెప్పాడు.

"ఇవాళ్టి నుంచి... రోలర్ల వేగం... పెంచుతున్నారు."

చెప్పి కళ్ళు మూసుకున్నాడు, దెబ్బ కోసం.

దెబ్బ పడలేదు.

గోడ మీద ఇప్పుడు ఎవరి అచ్చూ లేదు. పిడి తిప్పేవాడు లేడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటద్దె మనసులో మెదిలిందో, పిల్లల బడి మెదిలిందో, గేటు బయట పని కోసం నిలబడ్డ కొత్తవాళ్ళు కనపడ్డారో... చివరి రోలరు మనిషి కట్టుకట్టిన చేతిని వెనక్కి పెట్టుకుని, అందరికన్నా ముందు అన్నాడు.

"సరే సార్."

సరే సార్. సరే సార్. మాట వరసంతా పాకింది. సూపర్‌వైజరు కళ్ళు తెరిచాడు. నిజానికి అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది వాడే.

"అమ్మా!" వసపిట్ట గొంతు గంటలా మోగింది. "ఆ మామయ్య వేళ్ళేవి? అక్కడ కడ్డీ ఎందుకు పెట్టరు? ఈ సార్‌ని అడగమ్మా!"

"ఎవరిదా పిల్ల?" అన్నాడు సూపర్‌వైజరు.

కోడలి అరచెయ్యి లేచింది. పిల్ల నోటి మీద పడింది. గట్టిగా కాదు. మెత్తగానే, గలీబు కప్పినట్టు.

"ఊరుకో తల్లీ."

"వదలవే దాని నోరు!" అత్తగారు అరిచింది. "పిల్ల అడిగినదాంట్లో తప్పేముందే? ఒరేయ్ సూపర్‌వైజరూ, నువ్వు..."

కొడుకు అడ్డం వచ్చి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతా. ఉద్యోగం పోతుందే."

ఆమె తిడుతూనే ఉంది. లోపల రోలర్లు కొత్త వేగంతో మొదలయ్యాయి. ఆ హోరులో గేటు మీది తుప్పు కూడా రాలలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు గుమ్మంలో కూర్చుంది. వరసలో ఎక్కడో ఒక దవడ కదిలింది. ఇంకో గదిలో ఇంకొకటి. ఈసారి తాళం లేదు. ఎవరి నూరుడు వాళ్ళదే. తర్వాత లోపల చాప మీద నుంచి, సన్నగా, పాలపళ్ళ చప్పుడు.

అత్తగారు లేచి వచ్చింది. కోడలు మెలకువగానే ఉంది. పిల్ల మొహం వైపే చూస్తోంది.

"ఎవడే ఈసారి?" అంది అత్తగారు, చీర కొంగు నడుముకి బిగిస్తూ. "ఎవడి తలుపు తియ్యమంటావో చెప్పు. ఇప్పుడే పోతా."

కోడలు తన అరచేతి వైపు చూసుకుంది. గోడ వైపు తిరిగి, రెండు చేతులూ చంకల్లో దాచుకుని పడుకుంది.